తేనెటీగల పెట్టె చుట్టూ ఒక కుటుంబ కథ: పల్లెకు తిరిగివెళ్లే చిత్రానికి స్క్రిప్టు రాయడం ఎలా

హైదరాబాదులో సినిమావాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ గదుల్లో జరిగే కథాచర్చల్లో ఏడాదికి ఒకసారైనా వినిపించే వన్‌లైన్ ఒకటుంది. నగరంలో ఉద్యోగం చేసి విసిగిపోయిన కొడుకు ఊరికి తిరిగివస్తాడు, అక్కడ ఏదో ఒక పని మొదలుపెడతాడు, చీలిపోయిన కుటుంబం ఆ పని చుట్టూ మళ్లీ దగ్గరవుతుంది. ఆ "ఏదో ఒక పని" అన్నచోట ఒకప్పుడు సేంద్రియ వ్యవసాయం ఉండేది, తరువాత నాటు ఆవులు, చిరుధాన్యాలు వచ్చాయి, ఇప్పుడు తేనెటీగల పెంపకం వస్తోంది. విషయం మంచిదే. అయితే నేను చదివిన చాలా స్క్రిప్టుల్లో తేనెటీగల పెట్టెను తీసేసి ఆ స్థానంలో కోళ్లఫారం పెట్టినా ఒక్క సీను కూడా మారదు. అదే వాటి లోపం. మీ స్క్రిప్టుకు మీరు పెట్టుకోవలసిన మొదటి పరీక్ష కూడా అదే: పెట్టెను తొలగిస్తే కథ కూలిపోవాలి. పెట్టెలో జరిగే ప్రతి మార్పుకూ ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితి ఏర్పడేలా కథను ఎలా అల్లుకోవాలో, హైదరాబాదులో కూర్చొని ఆ పనికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

రాయడానికి కూర్చునే ముందు కనీసం ఒక పెట్టెను తెరిచి చూడాలి. ఇందుకు దూరం వెళ్లనక్కరలేదు. రాజేంద్రనగర్‌లోనే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. వాటిలో తేనెటీగల పెంపకంపై శిక్షణ ఎప్పుడు ఉందో విచారించి, రచయితగా కాకుండా మామూలు అభ్యర్థిగా వెళ్లి కూర్చోండి. అక్కడ పాఠం కంటే తోటి అభ్యర్థుల మాటలే మీకు ఎక్కువగా ఉపయోగపడతాయి, ఎందుకంటే రిటైరైన గుమాస్తా, భూమి అమ్ముకోవడానికి ఇష్టపడని రైతు, కూతురు చెప్పిందని వచ్చిన తల్లి ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఆ తరువాత ఎవరైనా పెంపకందారు అనుమతితో ఒక పెట్టె పక్కన ఉదయం ఆరు గంటల నుంచి చీకటిపడే వరకు కూర్చోండి. ఏ గంటకు ఈగలు బయటికి వెళుతున్నాయో, ఏ రంగు పుప్పొడితో తిరిగివస్తున్నాయో, మధ్యాహ్నపు ఎండలో గుమ్మం దగ్గర వరుసగా నిలబడి రెక్కలు ఎలా ఆడిస్తున్నాయో పుస్తకంలో గడియారం సమయంతో సహా రాసుకోండి. పిల్ల ఈగలు పెరిగే చోట వేడి సుమారు 34, 35 డిగ్రీలకు మించకుండా ఉండటానికే ఆ రెక్కల విసురు, ఈగలు నీళ్లు మోసుకురావడం అని తెలిశాక, మే నెల సీనులో పెట్టె పక్కన ఒక నీళ్ల తొట్టి రాయడం మీరు మరిచిపోరు.

ఏ ఈగ?

మన చిత్రాల్లో తరచుగా కనిపించే తప్పు ఇక్కడే ఉంది. నగరంలో ఎత్తైన అపార్టుమెంటు సజ్జల కింద, నీళ్ల ట్యాంకులకు, ఫ్లైఓవర్ల అడుగున చాట పరిమాణంలో వేలాడే ఒంటి తుట్టె కొండతేనెటీగది. దాన్ని ఎవరూ పెట్టెలో పెంచలేరు. అది ఆరుబయట ఒకే పెర కట్టుకుంటుంది, రుతువును బట్టి వలసపోతుంది, మళ్లీ ఏడాది అదే సజ్జకు తిరిగి రావడం కూడా సాధారణం. దాని కోపం ప్రాణాలు తీయగలది. చిరుతేనెటీగ కంపల్లో అరచేయంత పెర కట్టుకుంటుంది, అది కూడా పెట్టెకు లొంగదు. పెట్టెల్లో ప్రధానంగా పెంచేవి చెట్టుతొర్రల్లో, పుట్టల్లో పలు వరుసలుగా పెరలు కట్టే మన పుట్టతేనెటీగ, పడమటి దేశాల నుంచి తెచ్చిన ఐరోపా తేనెటీగ.

ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటారన్నది కథను నిర్ణయిస్తుంది. ఐరోపా ఈగ ఎక్కువ తేనె ఇస్తుంది, కానీ దాన్ని పెంచేవారు పూత వెంట లారీల్లో పెట్టెలు వేసుకొని జిల్లాలు, రాష్ట్రాలు దాటుతారు కనుక అది రోడ్డు కథ అవుతుంది. పుట్టతేనెటీగ ఒకచోట ఉండే రైతుకు, ఇంటి పెరటికి సరిపోతుంది, తేనె తక్కువ ఇస్తుంది, నచ్చకపోతే పెట్టె వదిలి మొత్తం గుంపు లేచిపోతుంది. చీమలు పట్టినా, మైనపు పురుగు పెరలను తొలిచినా, మేత కరువైనా, పదేపదే కదిలించినా అది ఆగదు. కుటుంబ కథకు నేను పుట్టతేనెటీగనే సూచిస్తాను. వదిలిపెట్టి వెళ్లిపోయే అవకాశం ఉన్న ప్రాణి ఇంట్లో ఉన్నప్పుడు మనుషులు ఒళ్లు దగ్గర పెట్టుకొని మెలగవలసి వస్తుంది.

తిరిగివెళ్లేది ఎవరు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన కొడుకును కొంతకాలం పక్కన పెట్టమని నా మనవి. వాడు ఊరికి వెళ్లడంలో పెద్ద పందెం లేదు, ఎందుకంటే వాడికి తిరిగి రావడానికి ఎప్పుడూ ఒక బస్సు ఉంటుంది. ఈ వ్యాసంలో ఉదాహరణగా నేను వాడుకునే కథలో తిరిగివెళ్లేది తల్లి. భర్త పోయాక ఆమె నిజాంపేటలోని చిన్నకొడుకు ఫ్లాటులో నాలుగేళ్లుగా మనవరాలిని సాకుతోంది. ఆ పిల్ల బడికి వెళ్లడం మొదలుపెట్టగానే ఆమెకు పని లేకుండాపోయింది. పెద్దకొడుకు తాండూరు దగ్గరి ఊళ్లోనే ఉండి కంది పండిస్తున్నాడు. అన్నదమ్ముల మధ్య భూమి పంపకం జరిగింది, మాటలు తగ్గిపోయాయి. తల్లి ఊరికి వెళ్లి పాత ఇంట్లో ఒంటరిగా ఉంటానని, నాలుగు తేనెటీగల పెట్టెలు పెట్టుకుంటానని చెబుతుంది. చిన్నకొడుకు శనివారాలు కారులో వికారాబాద్ మీదుగా వెళ్లి వస్తుంటాడు. ఆ దారిలో అనంతగిరి కొండలు వస్తాయి. హైదరాబాదు నడిబొడ్డున పారే మూసీ అక్కడే పుడుతుంది, అయితే ఆ విషయాన్ని పాత్రల చేత చెప్పించకండి, కారు కిటికీలోంచి కొండ కనిపిస్తే చాలు.

ఇలాంటి కథలో అతి ముఖ్యమైన పాత్ర ఎక్కువ స్క్రిప్టుల్లో అసలు ఉండదు: ఊరు వదలనివాడు. తిరిగివచ్చేవారి దృష్టిలో ఊరు జ్ఞాపకం, ఊళ్లో ఉన్నవాడికి అది ఎరువుల దుకాణంలో బాకీ. తిరిగివచ్చేవారు లేని ఏళ్లలో గట్టు వేసినదెవరు, బోరు ఎండినప్పుడు ఏం జరిగింది, తండ్రిని చివరి నెలల్లో ఆసుపత్రికి మోసుకెళ్లినదెవరు అన్న ప్రశ్నలకు జవాబు పెద్దకొడుకు దగ్గరుంది. అతణ్ణి మూర్ఖుడిగా, ప్రకృతి ద్రోహిగా రాస్తే చిత్రం నగరవాసి పొగరుగా మిగిలిపోతుంది. అతని వాదనకు తల్లి వాదనకున్నంత బలం ఇవ్వాలి.

పూత క్యాలెండరే సీన్ ఆర్డర్

కథ ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగుస్తుందో ముందుగా నిర్ణయించండి. తాండూరు ప్రాంతంలో జూన్, జూలై నెలల్లో కంది విత్తుతారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో పూత వస్తుంది. అంతకు కాస్త ముందు, బతుకమ్మ రోజుల్లో, తంగేడు పచ్చగా పూసి ఉంటుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అక్కడి రైతుకు ఆ పంట మీద ఉన్న గర్వం నిజమైనది. కంది తరువాత కుసుమ పూస్తుంది, ఉగాది నాటికి వేప, ఆ వెనుక కానుగ వస్తాయి. పెట్టెల్లో ఈగలు బలపడటం, కొత్త రాణులు పుట్టడం, గుంపులు చీలడం, తేనె నిండటం అన్నీ ఈ పూతల వరుసలోనే సాగుతాయి. వాన ముదిరిన నెలల్లో పూత తగ్గి మేత కరువు వస్తుంది.

ఈ వరుసను గోడకు అంటించుకొని దాని కింద ఇంటి సంఘటనలను పేర్చుకోండి. పెట్టెలు ఊరికి చేరేది బతుకమ్మ వెళ్లాక, మొదటి గొడవ కంది పూతలో, ఇంటర్వెల్ నష్టంతో, కోలుకోవడం సంక్రాంతి తరువాత, తేనె తీత వేప పూసినప్పుడు. ఈ క్రమం నేను కల్పించినది కాదు, మొక్కలు నిర్ణయించినది. అందువల్ల ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా కథలో ఒక న్యాయం ఉన్నట్టు అనిపిస్తుంది. సీన్ ఆర్డర్ రాసుకునేటప్పుడు ప్రతి సీనుకు పక్కన "పొలంలో ఏం పూస్తోంది" అని ఒక గడి పెట్టుకోవడం నా అలవాటు. ఆ గడి ఖాళీగా ఉన్న సీను సాధారణంగా చివరి ప్రతిలో ఎగిరిపోతుంది.

మందు కొట్టే ముందు రోజు

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ నేపథ్యం కుటుంబ కథకు ఎందుకు పనికొస్తుందో ఇక్కడే తేలుతుంది.

కంది పూతకు వచ్చినప్పుడే పెట్టెలోని ఈగలు ఆ పూల మీద వాలుతాయి. సరిగ్గా అప్పుడే పూతను, లేత కాయలను తినే పురుగు పడుతుంది. కాయతొలుచు పురుగు, మరుకా మచ్చల పురుగు సమయానికి అదుపు కాకపోతే ఆ ఏడాది రాబడి పోతుంది కనుక రైతు మందు కొడతాడు. పట్టపగలు కొడితే పూల మీదున్న ఈగలు చస్తాయి, కొన్ని విషం మోసుకొని పెట్టెకు చేరి గుమ్మం ముందు గిరగిరా తిరిగి పడిపోతాయి. పెద్దకొడుకు తప్పు చేయలేదు. తల్లి కూడా తప్పు చేయలేదు. పంట, పెట్టె రెండూ ఒకే పువ్వు మీద ఆధారపడి ఉన్నాయి. ప్రతినాయకుడు లేకుండా ఇంత గట్టి ఘర్షణ దొరకడం అరుదు, దీన్ని వదిలి కార్పొరేట్ విలన్ కోసం వెతకవలసిన పని లేదు.

ఈ ఘర్షణకు ఉన్న పరిష్కారం ఇంకా గొప్పది. ఈగలు గూటికి చేరిన తరువాత, పొద్దు గూకాక మందు కొడితే నష్టం బాగా తగ్గుతుంది. ముందురోజు రాత్రే గుమ్మాలు మూసి, తడిగోనె కప్పి, గాలి ఆడేలా చూసుకొని కొన్ని గంటలు ఈగలను లోపలే ఆపవచ్చు, రోజుల తరబడి మూస్తే మాత్రం ఉక్కిరిబిక్కిరై చస్తాయి. ఇందులో ఏ పద్ధతి పాటించాలన్నా మందు కొట్టేవాడు పెట్టెలున్నవారికి ముందురోజు చెప్పాలి. మాటలు మానేసిన అన్నదమ్ములకు కంది పూతలో ప్రతిసారీ ఒక ఫోన్ కాల్ తప్పనిసరి అవుతుంది. మొదటి కాల్ ఎవరూ చేయరు, ఈగలు చస్తాయి, అదే మీ ఇంటర్వెల్. రెండవ కాల్ వదినె చేస్తుంది. మూడవది ఇలా ఉండవచ్చు:

"రేపు మందు కొడ్త. అవ్వకు చెప్పు, డబ్బాలు మూసుకొమ్మను."

"ఎప్పుడు కొడ్తవన్నా?"

"పొద్దుగూకినంక కొడ్తలే."

"అయితే మూసే పని లేదన్నా."

"ఎందుకైనా మంచిది, చెప్పు."

ఈ సంభాషణలో క్షమాపణ లేదు, కన్నీళ్లు లేవు, "మనమంతా ఒక్కటే" అన్న మాట లేదు. పగటి కూలీలను వదులుకొని చీకట్లో తానే పంపు మోయడానికి అన్న సిద్ధపడ్డాడన్న సమాచారం మాత్రం ఉంది. ప్రేక్షకుడికి ముందు సీన్లలో మందు, పూత, గుమ్మం సంగతులు సరిగా చూపించి ఉంటే ఈ అయిదు మాటలే చాలు. చాలా మంది రచయితలు ఇక్కడ నేపథ్య సంగీతం మీద ఆధారపడతారు. అది సమాచారాన్ని ముందుగా నాటుకోకపోవడం వల్ల వచ్చే అవసరం.

నష్టం తరువాత ఎంత కాలం చూపించాలన్నది కూడా ఈగలే చెబుతాయి. రాణి గుడ్డు పెట్టిన నాటి నుంచి కూలీ ఈగ బయటికి రావడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. పుట్టిన వెంటనే అది మేతకు వెళ్లదు, మొదట గదులు శుభ్రం చేస్తుంది, పిల్లలను సాకుతుంది, మైనం కడుతుంది, గుమ్మం కాస్తుంది, ఆ తరువాతే పొలానికి ఎగురుతుంది. అంటే చచ్చిన మేత ఈగల స్థానం భర్తీ కావడానికి గుడ్డు దశ నుంచి లెక్కిస్తే ఐదారు వారాలు కావాలి. నవంబరులో దెబ్బతిన్న పెట్టె సంక్రాంతి దాకా నీరసంగానే ఉంటుంది. ఒక పాటలో కోలుకునేలా చేయకండి. ఆ వారాలన్నీ తల్లి ఎవరితోనూ ఏమీ అనకుండా ప్రతి ఉదయం పెట్టె ముందు రాలిన ఈగలను ఊడ్చే షాట్లతో నింపవచ్చు.

పెట్టె జరిపే సీను

ఎక్కడ వాడాలో మీరే నిర్ణయించుకోండి కానీ ఈ సీనును వదలకండి. పెట్టెలు అన్నదమ్ముల గెట్టు మీద ఉన్నాయనుకుందాం. గొడవలో పెద్దకొడుకు వాటిని తీసేయమంటాడు. చిన్నకొడుకు ఆవేశంలో మధ్యాహ్నమే పెట్టెలను రెండు వందల మీటర్ల అవతలికి మోసుకెళతాడు. ఇది పెంపకందారులు ఎప్పటికీ చేయని పని. మేతకు వెళ్లిన ఈగలకు గుర్తున్నది పెట్టె కాదు, అది ఉన్న చోటు. అవి తిరిగివచ్చి ఖాళీ స్టాండు చుట్టూ ముసురుకుంటాయి, చీకటి పడే వేళకు ఆ కొయ్యకు ముద్దలా పట్టుకొని ఉంటాయి. పెట్టెను రోజుకు రెండుమూడు అడుగుల చొప్పున జరపాలి, లేదా రాత్రి అన్ని ఈగలు లోపలికి చేరాక గుమ్మం మూసి, అవి తిరిగే పరిధికి అవతల, మూడు నాలుగు కిలోమీటర్ల దూరానికి తీసుకుపోవాలి. నడిమి మార్గం లేదు. అందువల్ల ఆ గొడవ అక్కడితో తెగదు, పెట్టెలు రాత్రికి మళ్లీ గెట్టు మీదికే రావాలి, అక్కడి నుంచి రోజుకింతగా జరగాలి, అన్ని రోజులూ అన్న కళ్లెదుటే ఉండాలి. ఇందులో కొంత హాస్యం కూడా ఉంది, దాన్ని అణచివేయకండి. ఖాళీ కొయ్యను పట్టుకొని వేలాడే ఈగల షాట్ కింద ఎవరి చేతా వ్యాఖ్య చేయించకండి, ఊరు విడిచినవారి గురించి అసలే వద్దు.

రాణి ఈగను తల్లితో పోల్చేముందు

ప్రతి కథాచర్చలోనూ ఎవరో ఒకరు "అమ్మే రాణి ఈగ సార్" అంటారు. ఆ పోలిక ఎక్కడికి దారితీస్తుందో తెలుసుకొని వాడండి. రాణి పరిపాలించదు, గుడ్లు పెడుతుంది. ఎప్పుడు చీలాలో, ఎక్కడికి పోవాలో తేల్చేది కూలీ ఈగలు. రాణి బలహీనపడితే అవే కొత్త రాణిని పెంచి పాతదాన్ని పక్కకు తప్పిస్తాయి. గుంపు చీలినప్పుడు ఇల్లు విడిచి వెళ్లేది కూడా కొత్త రాణి కాదు, పాతదే, సగం మందిని వెంటబెట్టుకొని పోతుంది. కట్టిన ఇల్లు, నిండిన తేనె పిల్లకు వదిలేస్తుంది. మా ఉదాహరణలో తల్లి ఫ్లాటు విడిచి ఊరికి వెళ్లడానికి ఇది సరిపోతుంది, అయినా నేను దాన్ని సంభాషణలో పెట్టను. తల్లికి తెలిసిన విషయంగా, మనవరాలు అడిగినప్పుడు చెప్పే జవాబుగా మాత్రమే వాడతాను: "ముసలి రాణే పోతది బిడ్డా." పిల్ల దాన్ని వెంటనే మరిచిపోయి ఇంకేదో అడగాలి.

తేనెటీగను పిసినిగొట్టుగా చూపే పద్యం బడిలో చదువుకున్న తరం మనది. కూడబెట్టి తినక దారినపోయేవాడికి అప్పజెప్పే జీవి అని అందరి మనసులోనూ ఉంటుంది. పెట్టె తెరిచి చూసినవారికి ఆ మాట అన్యాయమనిపిస్తుంది, మేత లేని నెలల్లో అవి ఆ తేనె తినే బతుకుతాయి. పెద్దకొడుకు తల్లిని ఆ పద్యంతో ఎత్తిపొడిస్తే, ఆమె పెట్టె మూత తీసి తింటున్న ఈగలను చూపించడం ఒక చక్కని చిన్న సీను అవుతుంది.

డబ్బు, తేనె, పసిబిడ్డ

తేనె అమ్మి అప్పు తీర్చే క్లైమాక్స్ రాయకండి. పుట్టతేనెటీగల పెట్టెకు ఏడాదికి నాలుగైదు కిలోలు అనుకున్నా నాలుగు పెట్టెలకు ఇరవై కిలోల లోపు, కిలో ఆరు వందలకు అమ్మినా మొత్తం పన్నెండు వేలు దాటదు. ఈ లెక్కను పెద్దకొడుకు చేత పైకి చెప్పించండి, అప్పుడే తల్లి ఎందుకు చేస్తోందన్న ప్రశ్న బతుకుతుంది. లాభం ఎక్కడైనా ఉంటే అది పరాగ సంపర్కంలో ఉంది, పక్క పొలంలోని పొద్దుతిరుగుడు వంటి పంటకు ఈగలు వాలితే గింజ కట్టడం మెరుగవుతుంది. ఆ ప్రయోజనం పొరుగువాడికి వెళుతుంది కనుక దానిలోనూ కథ ఉంది.

తేనె తీసే సీను తప్పుల్లేకుండా రాయాలంటే మూడు సంగతులు తెలిస్తే చాలు. పెట్టెలో పిల్ల ఈగలున్న కింది అరను ముట్టరు, పై అరలోని ఫ్రేములే, అంటే పెర కట్టిన చట్రాలే తీస్తారు. పెరలో ఈగలు మైనంతో మూత వేసిన గదుల్లో తేనె పండినట్టు లెక్క, మూత వేయనిది పలచగా ఉండి పులిసిపోతుంది. తేనెలో తేమ 20 శాతం మించరాదని ఆహార భద్రతా ప్రమాణాలు కూడా చెబుతాయి. పెరను పిండరు, మూతలు కోసి ఫ్రేమును గిర్రున తిప్పే యంత్రంలో పెడితే తేనె గోడలకు చిమ్ముతుంది, ఖాళీ పెర మళ్లీ ఈగలకే వెళుతుంది. పెరను చేత్తో పిండి గడ్డం మీదుగా కారేలా తాగే సీను పోస్టరుకు అందంగా ఉండవచ్చు, పెంపకందారు చూస్తే నవ్వుతాడు.

ఇంకొక సీను నా దృష్టిలో తప్పనిసరి. పెద్దకొడుకు ఇంట్లో ప్రసవం జరిగింది, మొదటి ఫ్రేము తేనె వచ్చింది, ఎవరో ఒకరు పాత ఆనవాయితీ ప్రకారం పసిబిడ్డ నాలుక మీద చుక్క రాయబోతారు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు, అందులో ఉండే సూక్ష్మజీవుల బీజాల వల్ల బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. రాయబోయేది అత్త, అడ్డుకునేది కోడలు అయితే అది మామూలు అత్తాకోడళ్ల గొడవ. అడ్డుకునేది పెంపకం శిక్షణలో ఆ మాట విన్న మన కథలోని ముసలి తల్లే అయి, రాయమని ఒత్తిడి చేసేది ఊరి పెద్దమ్మలు అయితే ఆమె ఏం నేర్చుకొని వచ్చిందో ఒక్క క్షణంలో తెలుస్తుంది. నేను రెండవదాన్నే ఎంచుకుంటాను.

చిత్రీకరణకు పనికొచ్చేలా రాయడం

స్క్రిప్టు దశలోనే షెడ్యూళ్లు రెండుగా విడగొట్టండి, ఒకటి నవంబరులో కంది పూతకు, మరొకటి మార్చి ప్రాంతంలో తేనె తీతకు. ఒకే షెడ్యూల్‌లో రెండూ తీస్తామని నిర్మాతకు మాట ఇస్తే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ప్లాస్టిక్ పూలు కట్టవలసి వస్తుంది.

కొన్నేళ్ల క్రితం ఒక లఘుచిత్రం కోసం అద్దెకు తెచ్చిన రెండు పెట్టెల పక్కనే మా బృందం జనరేటర్ పెట్టింది. మూడవరోజు ఉదయానికి ఒక పెట్టె ఖాళీ. పెంపకందారు మమ్మల్ని ఏమీ అనలేదు, పెట్టె అడుగు తుడుచుకొని సైకిల్ మీద కట్టుకున్నాడు. అప్పటి నుంచి పెట్టె ఉన్న ప్రతి సీనులోనూ "జనరేటర్ దూరం, పగటి వెలుతురు" అని స్క్రిప్టులోనే రాస్తున్నాను. పెంపకందారుకు సెట్లో రోజువారీ వేతనంతో పని, టైటిల్ కార్డులో పేరు బడ్జెట్ దశలోనే రాయించండి.

బృందానికి ముందుగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. సెంటు, ఘాటైన నూనెలు వద్దు, ముదురు రంగు దుస్తులు వద్దు. అరటిపండ్లు పెట్టెల దగ్గరికి తేవద్దు, ఎందుకంటే కుట్టిన ఈగ వదిలే ప్రమాదపు వాసన పండిన అరటిపండు వాసనను పోలి ఉంటుంది, ఆ వాసనకు మిగిలినవి కూడా కుట్టడానికి వస్తాయి. పొగ ఆ వాసనను కప్పేస్తుంది, పైగా పొగ తగలగానే ఈగలు తేనె కడుపునిండా తాగి నెమ్మదిస్తాయి. పొగడబ్బాలో కొబ్బరి పీచు, పాత గోనెగుడ్డ వంటివి వాడాలి, సెట్లో వాడే పొగ యంత్రాన్ని పెట్టె దరికి తేకూడదు. కుట్టిన ముల్లును రెండు వేళ్లతో పట్టి లాగకుండా గోటితో వెంటనే గీకేయాలి. కుట్టుడు పడనివారికి ఊపిరి ఆడకపోవచ్చు కనుక వైద్యుడు, వాహనం సిద్ధంగా లేకుండా పెట్టె తెరిచే సీను తీయవద్దు. కొండతేనె తుట్టె దగ్గర మాత్రం ఎవరినీ నిలబెట్టకండి. మొదటి సీనులో నిజాంపేట ఫ్లాటు సజ్జ కింద తుట్టెను పురుగుల మందువాళ్లు తొలగించే దృశ్యం రాస్తే అది గ్రాఫిక్స్‌తోనే తీయాలని పక్కన గుర్తుపెట్టండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప మిగిలిన ఏ ప్రాణి అయినా అని అర్థం కనుక, అనుమతుల సంగతి షూటింగుకు ముందే జంతు సంక్షేమ బోర్డు వద్ద తేల్చుకోవడం మంచిది, సెన్సారు వేళ పరుగులు తప్పుతాయి.

పెట్టె లోపలి షాట్లకు ఛాయాగ్రాహకుడికి ఒక మాట చెప్పండి: తేనెటీగ కంటికి ఎరుపు రంగు కనిపించదు, ఎర్రని వెలుతురు దానికి దాదాపు చీకటే. గాజు పలక ఉన్న పెట్టెలో ఎర్రని దీపంతో తీస్తే అవి తమ పనిలోనే ఉంటాయి. మేత ఎటు ఉందో తోటివారికి చెప్పే నాట్యాన్ని అప్పుడు పట్టుకోవచ్చు. నిలువు గీతకు ఆ నాట్యం ఎంత కోణంలో సాగితే సూర్యుడికి అంత కోణంలో పూలున్నాయని అర్థం. ఈ రహస్యాన్ని విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ధ్వని విభాగానికి కూడా పనుంది. రాణి పోయిన పెట్టె శబ్దం మారుతుంది, మూలిగినట్టు ఉంటుంది. కొత్త రాణులు పుట్టే రోజుల్లో సన్నని బూర ఊదినట్టు ఒకటి పిలుస్తుంటే, ఇంకా గదిలో ఉన్నవి బదులిస్తాయి. దీన్ని వాడిన స్క్రిప్టు నాకు ఇంతవరకు కనిపించలేదు.

యాస, ముగింపు సీను

తాండూరు వైపు మాట కన్నడ పొరుగున, ఉర్దూ సావాసంలో పెరిగింది. మొత్తం తెలంగాణకు ఒకే యాస ఉన్నట్టు రాస్తే అక్కడివారికి అది పరాయిగా వినిపిస్తుంది. తల్లి పాత్ర సంభాషణలు రాశాక ఆ ప్రాంతపు స్త్రీ ఒకరికి చదివి వినిపించి, ఆమె ఎక్కడ నవ్విందో అక్కడ దిద్దుకోండి. చిన్నకొడుకు మాట నగరంలో ఒకలా, గెట్టు మీద ఒకలా ఉండాలి, ఆ మార్పు ఎన్నో సీనులో మొదలవుతుందో గుర్తుపెట్టుకోండి.

చిత్రాన్ని తేనె తీతతో ముగించాలన్న కోరిక సహజం. నేనైతే ఇంకో మూడు నెలలు ముందుకు వెళతాను. వానలు ముదిరాయి, పూత లేదు, తీసుకున్న తేనెకు బదులు ఈగలకు చక్కెర పానకం పెట్టాలి. చక్కెర, నీళ్లు సమపాళ్లలో కలిపి, చల్లార్చి, పెట్టె లోపలే ఉంచాలి, అది కూడా చీకటి పడ్డాకే, లేకపోతే ఆ వాసనకు పక్క పెట్టెల ఈగలు దోపిడీకి దిగుతాయి. కాబట్టి సీను రాత్రి వేళది, లోపలి వెలుతురు ఒక్క టార్చిది. అయిదు కిలోల చక్కెర సంచి ఎవరు మోసుకొస్తారో, టార్చి ఎవరి చేతిలో ఉంటుందో, వర్షంలో గొడుగు పెట్టె మీద పడతారా తల్లి మీద పడతారా అన్నది తేల్చుకోండి. ఆ సీనుకు సంభాషణ రాయనక్కరలేదు, పానకం కలిపే గిన్నె పరిమాణం మాత్రం ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కు సరిగా చెప్పండి, నాలుగు పెట్టెలకు సరిపడాలి.